‘రాయకు, వాళ్ళకేం తెలుస్తుంది?’: ఉత్తర వర్జీనియా తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

పెద్దలందరికీ నమస్కారం.

నేను యాష్‌బర్న్‌లో ఉంటాను. 2004లో చదువు కోసం ఈ దేశం వచ్చాను, 2017లో సిటిజన్‌షిప్ తీసుకున్నాను. మీరు జరిపే ఉగాది, సంక్రాంతి కార్యక్రమాల్లో కుర్చీలు సర్దినవాళ్ళలో, వడ్డన చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మీలో చాలామందికి నా మొహం తెలుసు. గత మూడేళ్ళుగా నేను ఎందుకు కనిపించడం లేదో మాత్రం ఎవరికీ తెలియదు. నేనే చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

2023లో నాకు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారంతో పనిచెయ్యడానికి ఇచ్చే అనుమతి, నిరాకరించారు. అప్పుల వల్ల నిరాకరించారనో, పాత ఉద్యోగంలో చేసిన తప్పు వల్ల నిరాకరించారనో చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. కానీ అది నిజం కాదు. నా అప్పుల్ని వాళ్ళు మన్నించారు. ఉద్యోగంలో చేసిన తప్పును కూడా మన్నించారు. ఆ రెండింటినీ నేను దాచినందుకు నిరాకరించారు. ఆ దాపరికం నాకు ఎక్కడ అలవాటైందో చెప్పాలనే ఈ లేఖ.

మన ప్రాంతం సంగతి మీకు తెలియంది కాదు. డల్లెస్ ఎయిర్‌పోర్టు చుట్టూ, షాంటిలీ నుంచి హెర్న్‌డన్ దాకా ఏ ఆఫీసు చూసినా ప్రభుత్వ కాంట్రాక్టులే. మంచి ఉద్యోగ ప్రకటన కనబడితే చివర్లో ‘క్లియరెన్స్ ఉండాలి’ అని ఉంటుంది. దీనికి మనంతట మనం దరఖాస్తు చేసుకోలేం, కంపెనీ మన పేరు పంపాలి. సిటిజన్ అయి ఉండాలి. హెచ్1బిలో, గ్రీన్‌కార్డులో ఉన్నన్నాళ్ళు ఈ గొడవ మనకు లేదు. ఇప్పుడు మన తరంలో చాలామంది సిటిజన్లయ్యారు. ఇక్కడే పుట్టిన పిల్లలు కాలేజీ నుంచి నేరుగా ఈ ఉద్యోగాల్లోకి వెళ్తున్నారు. అంటే క్లియరెన్స్ కోసం నింపే ఫారం మన ఇళ్ళలోకి వచ్చేసింది.

2018లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక కేటరింగ్ కిచెన్ పెట్టాను. పగలు ఉద్యోగం, సాయంత్రాలు కిచెన్. 2020 మార్చిలో ఫంక్షన్లన్నీ ఆగిపోయాయి. లీజుకు నేనే వ్యక్తిగత హామీ ఇచ్చి ఉన్నాను, కాబట్టి అద్దె ఆగలేదు. ఒక కార్డు మీద తీసి ఇంకో కార్డుకు కట్టాను. ఏడాది తిరిగేసరికి అయిదు కార్డుల మీద 68,000 డాలర్లు. మా ఆవిడకు ఒక్క కార్డు సంగతే తెలుసు. మిగతా నాలుగింటి ఉత్తరాలు కిచెన్ కోసం తీసుకున్న పోస్టు బాక్సుకు వచ్చేవి.

2021లో కిచెన్ సామాను అమ్మడానికి, లీజు మాటలకు పగటిపూట వెళ్ళాల్సి వచ్చేది. వెళ్ళి వచ్చి టైమ్‌షీట్‌లో ఎనిమిది గంటలు వేసేవాణ్ణి. రెండు నెలల్లో అలా 46 గంటలు పని చెయ్యకుండానే చేసినట్టు రాశాను. పట్టుకున్నారు. ‘రాజీనామా చేస్తావా, మమ్మల్ని తియ్యమంటావా’ అన్నారు. రాజీనామా చేశాను. ఆ గంటలు నేను దొంగిలించినవే. ఇంకో మాటతో దాన్ని మెత్తబరచలేను.

2022లో కొత్త ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీ నా పేరు క్లియరెన్స్‌కు పంపింది. ఎస్ఎఫ్-86 అనే ఫారం నింపమన్నారు. వందకు పైగా పేజీలు. ఎక్కడెక్కడ ఉన్నావు, ఎవరెవరు తెలుసు, విదేశాల్లో ఎవరున్నారు, అన్నీ అడుగుతుంది. ఉద్యోగాల సెక్షన్‌లో గత 7 ఏళ్ళలో నిన్ను తీసేశారా అనే కాదు, తీసేస్తామని చెప్పాక నువ్వే మానేశావా అని కూడా అడుగుతుంది. నాకోసమే రాసినట్టు అనిపించింది. డబ్బు సెక్షన్‌లో గత 7 ఏళ్ళలో ఏ అప్పయినా 120 రోజులు దాటి కట్టకుండా ఉండిపోయిందా అని ఉంది. నావి నాలుగు దాటాయి.

ఆ శనివారం ఒక ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల తర్వాత ఒక అన్నయ్యను పక్కకు పిలిచి అడిగాను. నాకంటే పదేళ్ళ ముందు వచ్చినాయన, నేను ఎంతో గౌరవించే మనిషి. ‘రాయకు తమ్ముడూ, వాళ్ళకేం తెలుస్తుంది? రాస్తే నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నట్టు’ అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టడం లేదు. వినాలనుకున్న మాట కాబట్టే విన్నాను. ఇంటికొచ్చి రెండు చోట్లా ‘లేదు’ అని పెట్టాను. ఉద్యోగం మానడానికి కారణం ‘మంచి జీతం’ అని రాశాను.

కొన్ని నెలలకు ఇంటర్వ్యూకు పిలిచారు. చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఎదురుగా ఒక పెద్దావిడ. ఫారంలో ఉన్న ప్రశ్నలనే నోటితో మళ్ళీ అడిగింది. దిద్దుకోడానికి నాకిచ్చిన అవకాశం అదేనని అప్పుడు తెలియలేదు. మళ్ళీ లేదన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఫైల్లోంచి నా క్రెడిట్ రిపోర్టు తీసి నా వైపు తిప్పి పెట్టింది. నాలుగు లైన్ల మీద ఆకుపచ్చ హైలైటర్ గీతలు. వేలు పెట్టి ఒక్కో లైనూ చూపించి, ఇది మీదేనా అని అడిగింది. నాలుగు సార్లు అవునన్నాను.

తర్వాత పెన్ను కింద పెట్టి ఇంకో ప్రశ్న వేసింది. ఈ అప్పుల సంగతి మీ భార్యకు తెలుసా?

నేను మాట్లాడలేదు. ఆవిడ నిదానంగా చెప్పింది. మీరు ఇంట్లో దాస్తున్న విషయం ఇంకెవరికైనా తెలిస్తే, దాన్ని అడ్డం పెట్టుకుని మీచేత ఏమైనా చేయించవచ్చు, మేం అడిగేది అందుకే అంది. అప్పటిదాకా ఆ ఫారం నా పరువు తియ్యడానికే ఉందనుకున్నాను. ఆ మాటతో దాని అసలు ఉద్దేశం అర్థమైంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. షాంటిలీలో మనం రోజూ దాటి వెళ్ళే నేషనల్ రీకనిసెన్స్ ఆఫీసులో, అంటే గూఢచారి ఉపగ్రహాలు నడిపే ప్రభుత్వ సంస్థలో, బ్రయన్ రీగన్ అనే ఎయిర్‌ఫోర్స్ సార్జెంటు పనిచేసేవాడు. క్రెడిట్ కార్డుల మీద లక్ష డాలర్లకు పైగా అప్పు. రహస్య పత్రాలు అమ్ముతానని సద్దాం హుస్సేన్‌కు ఉత్తరం రాశాడు, పత్రాలు తీసుకెళ్ళి వర్జీనియా, మేరీలాండ్ పార్కుల్లో పాతిపెట్టాడు. 2001లో మన డల్లెస్ ఎయిర్‌పోర్టులోనే పట్టుకున్నారు. 2003లో యావజ్జీవ శిక్ష పడింది. అప్పున్న ప్రతివాడూ అలా అవుతాడని కాదు. అప్పు లోపల్లోపల మనిషిని ఎక్కడిదాకా నెట్టగలదో వాళ్ళు చూసి ఉన్నారు, అంతే.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆవిడకు చెప్పాను. ఆమె అరవలేదు. స్కూలు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ‘చెప్పు, రాస్తాను’ అంది. కార్డు పేరు, మొత్తం, ఎన్నాళ్ళుగా కట్టడం లేదు, ఒక్కొక్కటీ రాసింది. ‘ఇంకేమైనా ఉన్నాయా?’ అని మూడుసార్లు అడిగింది. మూడోసారి అడిగాక టైమ్‌షీట్ సంగతి కూడా చెప్పాను. పొద్దున్నే లాభాపేక్ష లేని ఒక క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థకు ఫోన్ చేసింది ఆమే. వాళ్ళు కార్డుల వాళ్ళతో మాట్లాడి, వడ్డీ తగ్గించి, నెలకు 1,140 డాలర్ల చొప్పున ఒక ప్లాన్ కుదిర్చారు. 2022 నవంబర్‌లో మొదటి వాయిదా కట్టాను.

2023 మొదట్లో ‘స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్’ వచ్చింది, అంటే క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో కారణాలు రాసిన నోటీసు. అందరూ ఎస్ఓఆర్ అంటారు. అంకెలు వేసి పేరాలుంటాయి. 1.ఎ నుంచి 1.ఇ వరకు అయిదు కార్డులు, డాలరు తేడా లేకుండా. 2.ఎ టైమ్‌షీట్. 2.బి, 2.సి నేను ఫారంలో పెట్టిన రెండు అబద్ధాలు. ప్రతిదానికీ ఒప్పుకుంటున్నావా, లేదా అన్నది రాసి పంపాలి. దానికి గడువు 20 రోజులు. మొదటి ఆరింటికీ ఒప్పుకున్నాను. చివరి రెండింటికీ ‘ప్రశ్న సరిగా అర్థం కాలేదు’ అని రాశాను. ఇంటర్వ్యూలో అంత జరిగాక కూడా అలా రాశాను. ఆ అలవాటు అంత లోతుగా పాతుకుపోయి ఉంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది ఎస్ఓఆర్ రాగానే అంతా అయిపోయిందనుకుని వదిలేస్తారు. ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీల ఉద్యోగులకు విచారణ కోరుకునే హక్కుంది. అది ఊరికే రాలేదు. 1953లో విలియం గ్రీన్ అనే విమాన ఇంజినీరు క్లియరెన్స్ తీసేస్తే ఉద్యోగం పోయింది. తన మీద ఎవరు ఏం చెప్పారో కూడా ఆయనకు చూపించలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1959లో గెలిచాడు. ఆ మరుసటి ఏడాదే ప్రెసిడెంట్ ఐజన్‌హోవర్ ఉత్తర్వు వచ్చింది. అందుకే ఇవాళ మనం ఒక న్యాయమూర్తి ముందు కూర్చుని, కాగితాలు పెట్టుకుని, సాక్షుల్ని తెచ్చుకుని మాట్లాడగలుగుతున్నాం. ఈ విచారణలు చూసే ఆఫీసు పేరు డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అప్పీల్స్, పొట్టిగా డోహా అంటారు, ఆర్లింగ్టన్‌లో ఉంది. తీర్పులను పేర్లు తీసేసి అందరూ చదువుకునేలా పెడతారు.

క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదన్నది కూడా నిజమే. 1988లో థామస్ ఈగన్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. ఆయన వాషింగ్టన్ రాష్ట్రంలో నేవీ జలాంతర్గాముల దగ్గర కూలి పని చేసేవాడు. పాత నేరాలతో పాటు, దరఖాస్తులో రెండు శిక్షల సంగతి రాయకపోవడాన్ని కూడా ఆయన మీద ఎత్తిచూపారు. సందేహం ఉంటే దేశ భద్రత వైపే మొగ్గాలన్నది రూలు. మనమీద సందేహం తీర్చుకోవాల్సింది మనమే.

నా తీర్పు 2023 చివర్లో వచ్చింది. ఆఖరి పేజీలో ఒక్కో పేరాకు ఎదురుగా ఫలితం రాసి ఉంటుంది. 1.ఎ నుంచి 1.ఇ: దరఖాస్తుదారుకు అనుకూలం. కోవిడ్ వల్ల వ్యాపారం పోయింది, నెలనెలా కడుతున్నాడు అన్నారు. 2.ఎ: అనుకూలం. ఒప్పుకున్నాడు, మళ్ళీ చెయ్యలేదు అన్నారు. 2.బి: వ్యతిరేకం. 2.సి: వ్యతిరేకం. ఆ రెండు లైన్లు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. 68,000 డాలర్ల అప్పు పక్కన అనుకూలం అని ఉంది. ‘లేదు’ అనే చోట పెట్టిన రెండు టిక్కుల పక్కన వ్యతిరేకం అని ఉంది.

ఏడాది గడిస్తే గాని మళ్ళీ అడగడానికి లేదు. ఆ ఏడాది క్లియరెన్స్ అక్కర్లేని ప్రాజెక్టులో తక్కువ జీతానికి పనిచేశాను. రాత్రుళ్ళు ఆ పాత తీర్పులు చదివాను. పెద్ద అప్పులుండి గెలిచినవాళ్ళున్నారు, చిన్న అప్పు దాచి ఓడినవాళ్ళున్నారు. 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాలు 13 అంశాలు చూడమంటాయి. కానీ ప్రతి అంశం కిందా దోషాలే కాదు, దాన్ని తేలిక చేసే పరిస్థితులు కూడా రాసి ఉన్నాయి. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు, చావు, అధిక వడ్డీ అప్పుల్లో మోసపోవడం, ఇలాంటివి మన చేతిలో లేనివని వాళ్ళే ఒప్పుకుంటారు. అప్పుడు నువ్వు ఏం చేశావన్నదే అడుగుతారు. కౌన్సెలింగ్‌కు వెళ్ళావా, నిజాయితీగా కట్టడం మొదలుపెట్టావా, పన్ను బాకీ ఉంటే ఐఆర్ఎస్‌తో ఒప్పందం చేసుకుని పాటిస్తున్నావా? ఆఖరికి మొత్తం మనిషిని చూస్తారు. తప్పు చేసినప్పటి వయసు, ఎన్నాళ్ళయింది, మారాడా, మళ్ళీ చేసేలా ఉన్నాడా, ఎవరైనా బెదిరించగలరా, ఇవన్నీ. తప్పు రాసి ఇచ్చినవాడికి అవి తప్పించుకునే దారులు కావు, నిలబడే చోట్లు. దాచినవాడికి మాత్రం వాటిలో ఒక్కటీ పనికిరాదు.

2025లో మళ్ళీ ఫారం నింపాను. ఈసారి అన్నీ రాశాను. మొదటిసారి ఎందుకు నిరాకరించారో కూడా రాశాను, ఆ ప్రశ్న కూడా ఫారంలో ఉంటుంది. అప్పటిదాకా కట్టిన ప్రతి వాయిదా రసీదు, మా ఆవిడ రాసిన ఉత్తరం జత చేశాను. క్లియరెన్స్ వచ్చిన రోజుకు 33 వాయిదాలు, 37,620 డాలర్లు కట్టి ఉన్నాను. ఇంకా కడుతున్నాను.

పెద్దలారా, ఇప్పుడు మీతో అసలు మాట.

మన మధ్య ‘రాయకు’ అనే సలహా ఎంత మామూలైపోయిందో ఒక్కసారి ఆలోచించండి. రెజ్యూమేలో లేని మూడేళ్ళ అనుభవం పెట్టుకోమని చెప్పిన దగ్గర్నుంచీ ఇది మొదలవుతుంది. పెట్టినవాళ్ళకు పదేళ్ళ తర్వాత, ఆ ఉద్యోగం ఎక్కడ చేశావు, నీ సూపర్‌వైజర్ ఎవరు అనే గళ్ళ దగ్గర ఊపిరాడదు. ఊళ్ళో నాన్నగారి పొలంలో వాటా ఉన్నా, అక్కడి బ్యాంకులో ఎన్ఆర్‌ఇ ఖాతా ఉన్నా, హైదరాబాద్‌లో అన్నదమ్ముల పేరు మీద కొన్న ఫ్లాట్‌లో మన డబ్బున్నా, ‘అదంతా ఎవడడుగుతాడు’ అంటాం. ఫారం అడుగుతుంది. రాస్తే నష్టం లేదు, మనందరికీ అక్కడ అమ్మానాన్నలు, ఆస్తులు ఉంటాయని వాళ్ళకు తెలుసు. రాయకపోతేనే అది దాచినదవుతుంది.

చేబదుళ్ళు, చీటీలు ఇంకొకటి. మనలో మనం నమ్మకం మీద వేల డాలర్లు ఇచ్చి పుచ్చుకుంటాం, కాగితం ముక్క ఉండదు. విచారణలో న్యాయమూర్తి ప్రతి డాలరుకూ కాగితం అడుగుతాడు. స్నేహితుడికి తిరిగి ఇచ్చేశానని నేను ఎంత చెప్పినా, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇచ్చేటప్పుడే రెండు లైన్లు రాసుకోమని, నగదు కాకుండా బ్యాంకు ద్వారా ఇవ్వమని మీరు చెబితే వింటారు.

పిల్లల విషయం నాకు ఇంకా ఎక్కువ బాధ. వర్జీనియాలో 2021 నుంచి పెద్దలకు కొద్దిపాటి గంజాయి నేరం కాదు. ఫెడరల్ చట్టంలో ఇంకా నేరమే. కాలేజీలో రెండుసార్లు తాగిన పిల్లవాడికి ఇంట్లో చెబుతున్న మాట, ‘ఎప్పుడూ తాగలేదని రాయి.’ గతంలో వాడిన ఒక్క కారణంతో క్లియరెన్స్ పోనక్కర్లేదని 2021 డిసెంబర్‌లో ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఆఫీసే సూచనలిచ్చింది. ఇప్పుడు మానేశాడా, నిజం చెప్పాడా అన్నదే ముఖ్యం. అలాగే, షాపులో ఏదో తీసి పట్టుబడితే లాయరు రికార్డు తుడిపించేశాడు కాబట్టి రాయనక్కర్లేదనుకుంటారు. గత 7 ఏళ్ళలో జరిగినదైతే, కోర్టు రికార్డు చెరిపేసినా, కేసు కొట్టేసినా రాయాలని ఫారంలో స్పష్టంగా ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్లలకు మనం నేర్పేది ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధం రాయడం. దానికి అయిదేళ్ళ వరకు జైలు ఉంది. పిల్లవాడు చేసిన తప్పుకు అంత శిక్ష లేదు.

కౌన్సెలింగ్ భయం కూడా అలాంటిదే. మనసు బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్తే క్లియరెన్స్ పోతుందని భార్యల్ని, పిల్లల్ని ఆపేస్తున్న ఇళ్ళు నాకు తెలుసు. కౌన్సెలింగ్ తీసుకోవడం ఒక్కటే నిరాకరణకు కారణం కాదని ఫారంలోనే రాసి ఉంది. దయచేసి ఈ ఒక్క మాటైనా వేదిక మీద చెప్పండి.

మీరు ఇమిగ్రేషన్ మీద, పిల్లల కాలేజీ పొదుపు మీద, ఇళ్ళ పెట్టుబడుల మీద సదస్సులు పెడతారు. అవన్నీ మంచివే. అప్పుల్లో మునిగినవాడికి మాత్రం మన దగ్గర కూర్చోడానికి కుర్చీ లేదు. మన మధ్య అందరూ బాగున్నవాళ్ళే, అందరికీ పెద్ద ఇల్లు, టెస్లా. అందుకే అప్పు ఉన్నవాడు ముందు మీకు దాస్తాడు, తర్వాత భార్యకు దాస్తాడు, ఆఖరున ఫారంలో దాస్తాడు. నేను అదే వరసలో దాచాను. ఎవరైనా వ్రతం భోజనాల దగ్గర పక్కకు పిలిచి ‘అన్నయ్యా, ఏం చెయ్యమంటారు’ అని అడిగితే, ‘రాయి తమ్ముడూ, కాగితాలు సర్దుదాం పద’ అనండి. ఆ రోజు నాకు ఆ మాట దొరికి ఉంటే రెండేళ్ళు మిగిలేవి.

నాకు తెలిసింది చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. లాయర్ని కాను, చట్టం గురించి సలహా ఇవ్వను. అలాంటివాళ్ళను పిలవడం మీ వల్ల అవుతుంది. లైబ్రరీలో ఒక గది ఇప్పించండి, ఒక శనివారం పొద్దున రెండు గంటలు చాలు. ఫోటోలు, ఫ్లయర్లు వద్దు, ఎవరొచ్చారో బయటికి తెలియకూడదు. నా ఎస్ఓఆర్, తీర్పు, వాయిదాల రసీదులు తెస్తాను. 2022లో నేను ‘లేదు’ అని టిక్కు పెట్టిన ఆ పేజీ కూడా తెస్తాను. మా ఆవిడ ఆ రాత్రి పేర్లు రాసిన కాగితం ఇంకా దాచి ఉంచింది. అది తీసుకుని తనూ వస్తానంది.

మీలో ఒకడు,
యాష్‌బర్న్, వర్జీనియా